చదువరుల చావడి: పుస్తకాల సంచీతో వేసవి షికార్లు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వేసవి ప్రయాణాల గురించే. ముప్ఫై రెండేళ్లు శాఖా గ్రంథాలయంలో పుస్తకాలు ఇస్తూ, తీసుకుంటూ గడిపినదాన్ని కాబట్టి కాబోలు, అందరూ పుస్తకాన్నీ ప్రయాణాన్నీ కలిపే అడిగారు. ఐదుగురికి ఇక్కడ జవాబు చెబుతున్నాను.

ప్రశ్న: చేతిలో పుస్తకం లేకపోతే నాకు తోచదు. పోయిన వేసవిలో అత్తింటివాళ్లందరం కలిసి సముద్రం ఒడ్డున నాలుగు రోజులున్నాం. "ఈవిడ మనతో వచ్చిందా, పుస్తకంతో వచ్చిందా" అని మా ఆడపడుచు పదిమందిలో అనేసింది. ఈ ఏడూ ప్రయాణం ఉంది. పుస్తకాలు ఇంట్లో వదిలేసి వెళ్లమంటారా?
ఓ గృహిణి, ఏలూరు

జవాబు: వదిలేయకండి. మీ ఆడపడుచు మీద కోపమూ పెట్టుకోకండి. ఆవిడకి మీతో కబుర్లాడాలని ఉండబట్టే ఆ మాట వచ్చింది.

నా సంగతి చెబుతాను. పెళ్లయిన పదో ఏడు మే నెలలో మేమంతా బాపట్ల దగ్గర సూర్యలంక వెళ్లాం. అందరూ నీళ్లల్లోకి దిగారు. నేను సరుగుడు చెట్ల కింద చాప వేసుకుని నవల పట్టుకున్నాను. మా మరిది కొడుక్కి అప్పుడు ఐదేళ్లు. తడి చేతుల్లో గవ్వలు పట్టుకొచ్చి "పెద్దమ్మా, రా" అన్నాడు. ఈ పేజీ అవనీ నాన్నా అన్నాను. మళ్లీ వచ్చాడు, మళ్లీ అదే మాట అన్నాను. మూడోసారీ అంతే. నాలుగోసారి వాడు రాలేదు. పుస్తకం అయిపోయి లేచి చూస్తే నా చెప్పులో గవ్వలు పోసేసి, వాళ్లమ్మ ఒళ్లో నిద్రపోతున్నాడు. ఆ గవ్వలు ఇప్పటికీ నా పుస్తకాల బీరువాలో ఓ సీసాలో ఉన్నాయి. ఆ సాయంత్రం మాత్రం తిరిగి రాలేదు.

ఆ తర్వాత ఏడు నుంచి నేనో పద్ధతి పెట్టుకున్నాను. మన వేసవిలో రోజుని ఎండే పంచిపెడుతుంది. పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా ఎవరూ గడప దాటరు. కాబట్టి తెల్లవారుజామున ఐదున్నర నుంచి ఎండెక్కే దాకా నేను పూర్తిగా వాళ్ల మనిషిని. సముద్రమైనా, గుడైనా, సంతలో ముంజలు కొనడమైనా సంచీలో పుస్తకం ఉండదు. సాయంత్రం కూడా అంతే. భోజనాలై అందరూ చాపల మీద వాలాక, ఆ మధ్యాహ్నం మొత్తం నాది. ఎవరూ ఒక్క మాట అనరు, ఎందుకంటే వాళ్లంతా గురకపెడుతుంటారు.

ఇంకో పని కూడా చేసి చూడండి. అందరూ పడుకునే ముందు ఓ చిన్న కథ పైకి చదవండి. ఇరవై నిమిషాల్లో అయిపోవాలి, సంభాషణలు ఎక్కువ ఉండాలి. అలాంటి కథలు రెండు మూడు ముందే ఏరి పెట్టుకుని వెళ్లండి. మా తోటికోడలు పెళ్లయ్యాక పుస్తకం ముట్టని మనిషి. ఓ కథలో అత్తగారి మాటలు నువ్వు చదువు అని పుస్తకం చేతికిచ్చాను. ఎంత గొప్పగా చదివిందంటే పక్క గదిలో పడుకున్న మగవాళ్లు లేచొచ్చి గుమ్మంలో కూర్చున్నారు. మీ ఆడపడుచుకి కూడా మంచి పాత్ర ఒకటి చూసి ఇవ్వండి.

ప్రశ్న: మా పిల్లలకి పదేళ్లు, పదమూడేళ్లు. ఒక్క రోజులో వెళ్లి రాగలిగే చోటు, పుస్తకాలతో సంబంధం ఉన్నది, వాళ్లకి విసుగు పుట్టనిది ఏదైనా చెబుతారా? మా అమ్మగారు కూడా వస్తానంటున్నారు.
ఓ తండ్రి, గుంటూరు

జవాబు: వేటపాలెం వెళ్లండి. ఇంకో ఆలోచన పెట్టుకోకండి.

అక్కడి సారస్వత నికేతనం 1918లో మొదలైంది. చీరాల పక్కన మగ్గాల చప్పుడు మధ్య ఉన్న ఊళ్లో, ఊరివాళ్ల పూనికతో పుట్టిన గ్రంథాలయం. పాత తెలుగు పత్రికలు అక్కడ దాచినంత శ్రద్ధగా దాచిన చోట్లు బహు తక్కువ. పరిశోధన చేసేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆ ఊళ్లో మకాం పెట్టి చదువుకుంటారు. 1929లో గాంధీగారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర అక్కడ భద్రంగా ఉంది. ఖద్దరు నిధి కోసం ఆ ఏడు ఏప్రిల్, మే నెలల్లో ఆయన ఆంధ్రదేశమంతా తిరిగారు. అంటే నడివేసవి అన్నమాట. ఎండగా ఉందని పిల్లలు గునిస్తే ఈ మాట చెప్పండి.

మా అత్తగారికి డెబ్భై ఏళ్లు వచ్చాక ఆమెను తీసుకుని మేం వెళ్లాం. తెనాలిలో పొద్దున్నే పాసింజరెక్కాం. నిడుబ్రోలు దాటకుండానే పిల్లలు పులిహోర డబ్బా ఖాళీ చేశారు. మా అత్తగారికి పుట్టినరోజు ఇంగ్లీషు తేదీ తెలియదు. ప్రమాది నామ సంవత్సరం కార్తీకమాసంలో పుట్టానని మాత్రం చెప్పేది. అంటే 1939 చివర. అక్కడి ఆయన్ని అడిగితే ఆంధ్రపత్రిక పాత సంపుటం ఒకటి రెండు చేతులతో మోసుకొచ్చి బల్ల మీద పెట్టారు. కాగితం తేనెరంగుకి తిరిగిపోయింది. అంచు పట్టుకుని తిప్పితే పొడిగా రాలుతుందేమోనని భయం. మా పెద్దమ్మాయి అరచెయ్యి కింద పెట్టి ఒక్కో పేజీ ఎత్తి తిప్పింది.

పేజీల నిండా యుద్ధం వార్తలే. "నేను పుట్టేసరికే యుద్ధం మొదలైందా" అంది మా అత్తగారు, ఆ సంగతి అప్పుడే తెలిసినట్టు. అంతలో ఆమె వేలు ఓ మూల ఆగింది. అమృతాంజనం ప్రకటన. ఆంధ్రపత్రికా, అమృతాంజనమూ రెండూ కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారివే కదా! ఆవిడ మాట్లాడకుండా బొడ్డు సంచీలోంచి తన అమృతాంజనం సీసా తీసి ఆ ప్రకటన పక్కన పెట్టింది. పిల్లలు కాసేపు దాన్నీ, దీన్నీ మార్చి మార్చి చూశారు. తర్వాత ఎవరి పుట్టిన ఏడు వాళ్లకి కావాలని మొదలుపెట్టారు. విసుగు మాటే లేదు.

మీ అమ్మగారు పుట్టిన ఏడు ముందే అడిగి రాసుకోండి. వెళ్లేముందు ఫోన్ చేసి సెలవు రోజులూ, పాత పత్రికలు చూడడానికి ఏం చెయ్యాలో కనుక్కోండి. చేతులు కడుక్కుని తుడుచుకున్నాకే పిల్లల్ని సంపుటాలు ముట్టుకోనివ్వండి. నూనె చేతులు పాత కాగితానికి పగవాళ్లు. బయటికొచ్చాక వేటపాలెం జీడిపప్పు కొనుక్కోండి, ఆ ఊరికి ఆ పేరు ఊరికే రాలేదు. ఎండ వాలాక చీరాల మీదుగా ఓడరేవుకి పోతే పిల్లలకి సముద్రం కూడా దక్కుతుంది.

దారిలో వాళ్లకి ఇంకో కథ చెప్పండి. 1935లో మీ గుంటూరు జిల్లాలోనే పాతూరి నాగభూషణం గారు పడవలో గ్రంథాలయం నడిపారు. కాలువ వెంట పడవ వెళ్తుంటే ఒడ్డునున్న ఊళ్లవాళ్లు వచ్చి పుస్తకాలు తీసుకునేవారు. మా అమ్మాయి చిన్నప్పుడు ఈ కథ విని, కాగితం పడవలో అగ్గిపెట్టంత పుస్తకం కుట్టి పెట్టి పంటకాలువలో వదిలింది.

ప్రశ్న: మేం నలుగురు స్నేహితులం. డిగ్రీ చివరి సంవత్సరం. సెలవుల్లో ఊళ్లకి పోయేముందు హైదరాబాదులో ఒక ఆదివారం పుస్తకాల కోసమే తిరుగుదామనుకున్నాం. జేబులో డబ్బులు తక్కువ. ఎక్కడ మొదలుపెట్టాలి?
ఓ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: ఆబిడ్స్‌లో మొదలుపెట్టు నాయనా. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కనక వాటి ముందున్న ఫుట్‌పాత్‌లన్నీ పాత పుస్తకాలవే. ఎండాకాలం కాబట్టి తొందరగా వెళ్లండి. టోపీ పెట్టుకోండి, నీళ్ల సీసా మర్చిపోకండి.

కొనేటప్పుడు మొదటి పేజీ, చివరి పేజీ ఉన్నాయో లేదో చూసుకో. మధ్యలో ఓ చోట విప్పి కుట్టు దగ్గర చూడు. సన్నని కన్నాలు, పొడి కనిపిస్తే పురుగు ఉన్నట్టే. అది ఎంత మంచి పుస్తకమైనా ఇంటికి తేవద్దు, నీ దగ్గరున్న మిగతావి కూడా పోతాయి. ధర అడిగేముందు మొహంలో సంతోషం కనపడనివ్వకు. నలుగురూ ఒకే కుప్ప మీద పడకుండా తలో దిక్కుకి వెళ్లి, గంటకోసారి ఓ చోట కలుసుకోండి. ఒకడు వెతికేది ఇంకొకడికి దొరుకుతుంది. స్నేహితులతో వెళ్లడంలో ఉన్న సుఖం అదే. లోపలి అట్ట మీద ఎవరి చేతిరాతో ఉంటే చదవకుండా వదలకు. నాకోసారి "అక్కయ్య పెళ్లికి, తమ్ముడు" అని రాసిన పద్యాల పుస్తకం దొరికింది. ఆ అక్కయ్యకి ఏం కష్టం వచ్చి అమ్ముకుందో అని చాలా రోజులు మనసు పీకింది. ఆ పుస్తకాన్ని నేను ఎవరికీ ఇవ్వలేదు.

అక్కణ్ణుంచి కోఠీ వైపు నడిస్తే సుల్తాన్ బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. 1901లో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో మొదలైంది. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకోవడానికి చోటు లేని రోజుల్లో కొమర్రాజు లక్ష్మణరావు గారి వంటి వారు పూనుకుని నిలబెట్టారు. తలుపు తెరిచి లేకపోయినా ముందు ఓ నిమిషం నిలబడి రండి. ఇంకా ఓపిక ఉంటే మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం భవనం చూడండి. 1891లో అసఫియా పేరుతో పుట్టిన గ్రంథాలయం అది. తర్వాత ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు ముందు పెట్టుకుని, ఎవరు ఏం కొన్నారో ఒక్కొక్కటీ బల్ల మీద పరవండి.

ప్రశ్న: మీరు ఎప్పుడూ కోస్తా ఊళ్లే చెబుతారు. మా సీమలో పుస్తకాల యాత్రకి చోటే లేదా?
ఓ ఉపాధ్యాయుడు, ప్రొద్దుటూరు

జవాబు: తప్పు నాదేనండీ, ఒప్పుకుంటున్నాను. మీకు కూతవేటు దూరంలో కడప ఉంది. బ్రౌన్ దొర 1820లో ఉద్యోగానికి వచ్చిన ఊరు. తర్వాత అక్కడ బంగళా కొని, పండితుల్ని పెట్టి, జీతాలిచ్చి, తాటాకుల్లో చెదిరిపోతున్న కావ్యాలకి శుద్ధప్రతులు రాయించాడు. ఆ స్థలంలోనే ఇప్పుడు సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉంది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదల లేకపోతే అది వచ్చేది కాదు. తెల్లవారుజామున ఒంటిమిట్ట కోదండరాముణ్ణి చూసుకుని, ఎండెక్కేసరికి గ్రంథాలయంలో ఉండేట్టు పెట్టుకోండి. మీ విద్యార్థుల్ని తీసుకెళ్తే తలా ఒక వేమన పద్యం నేర్చుకుని రమ్మనండి. ఆ పద్యాలు పోగుచేసి 1829లో అచ్చు వేయించిన మనిషి చోట నిలబడి చెప్పడం వాళ్లకి గుర్తుండిపోతుంది. గండికోట మాత్రం అదే రోజు పెట్టుకోకండి. ఆ రాళ్ల మీద మే నెల మధ్యాహ్నం పిల్లలు తట్టుకోలేరు.

ప్రశ్న: మా అమ్మకి డెబ్భై ఎనిమిదేళ్లు. ఒకప్పుడు వారపత్రికల సీరియళ్లు కోసి, కుట్టి దాచుకున్న మనిషి. ఇప్పుడు చూపు బాగా మందగించింది. వేసవికి అందరం పల్లెలో అన్నయ్యగారింట్లో కలుస్తున్నాం. తనని ఎక్కడికీ తిప్పలేం. తనకోసం ఏం చెయ్యమంటారు?
ఓ కూతురు, తెనాలి

జవాబు: ఆమె కుట్టి దాచుకున్న ఆ సీరియళ్లు ఇంకా ఉన్నాయా? ఉంటే అవే తీసుకెళ్లండి, కొత్తవి వద్దు. పేజీలు పెళుసుగా ఉంటే ముందే ఫోన్‌లో ఫొటోలు తీసుకుని, చదివేటప్పుడు అందులో చూసి చదవండి. అసలు ప్రతి ఆమె ఒళ్లో పెట్టండి. ఆ కుట్టు దారం వేళ్లకి తగిలితే చాలు, ఏ ఇంట్లో ఉండగా కుట్టిందో, అప్పుడు మీరెవరి చంకలో ఉన్నారో అన్నీ చెబుతుంది.

రాత్రి డాబా మీద నీళ్లు చల్లి, నేల చల్లారాక మంచాలు వేయించండి. ఆమె మంచం పక్కన మనవలు కూర్చోవాలి. రోజుకొకరు ఒక్కో భాగం చదవాలి. తెలుగు తడుముకుంటూ చదివే మనవడు ఉంటే వాణ్ణి ముందు మొదలుపెట్టమనండి. తప్పు చదివిన చోట ఆమే దిద్దుతుంది, చూడకుండానే. మీరెవరూ తొందరపడి అందించొద్దు. మా అత్తగారి దగ్గర మా మేనల్లుడు అలాగే ఒక్క వేసవిలో ఒత్తులన్నీ సరిచేసుకున్నాడు.

వింటూ వింటూ ఆమె నిద్రలోకి జారుకుంటే కథ అక్కడే ఆపేయండి, ముందుకి పోకండి. ఆ పేజీలో చిన్న వేపరెమ్మ పెట్టి మూసేయండి. మర్నాడు రాత్రి ఎక్కడ ఆగిందో ఆమెనే అడిగి అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.