అత్తగారితో ఎస్సావిరా వెళ్లే ముందు

చి.ల.సౌ. మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

యూదురాలైన మీ అత్తగారికి వాళ్ల నాన్నగారు పుట్టిన ఎస్సావిరా ఊరు చూపించాలని మొరాకో ప్రయాణం పెట్టుకున్నారట, సంతోషం. ఫోన్లో "ఆవిడ తిండి గురించే టెన్షన్ మావయ్యా" అన్నావు. ఎరువుల వ్యాపారం పని మీద కాసాబ్లాంకాలో కొన్నేళ్లు ఉన్నవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. ఒకసారి ఒక యూదు అతిథిని ఎస్సావిరా రేవుకి తీసుకెళ్లాను. రెక్కలు, పొలుసులు ఉన్న చేప అయితే కోషరే, అంటే యూదుల ఆచారం ప్రకారం తినదగినదే అని ఎక్కడో విని ఉన్నాను. సార్డీన్లకు రెండూ ఉంటాయి కదా అని కాల్పించి పెట్టించాను. ఆయన ముట్టుకోలేదు. చూస్తే అదే చట్రం మీద పక్కనే వాళ్లు తినకూడని రొయ్యలు కాలుతున్నాయి. పాపం, ఆ రోజంతా కమలాపండ్లతోనే గడిపాడు. మీ అమ్మమ్మ మడి గుర్తు తెచ్చుకో. దానికీ దీనికీ కారణాలు వేరు గానీ, వండేది ఏమిటో చూస్తే చాలదు, ఏ గిన్నెలో వండారో కూడా చూడాలి. "హలాలే కదమ్మా, రెండూ ఒకటే" అని అక్కడివాళ్లు ప్రేమగానే అంటారు. ఒకటి కాదు. శాకాహారం అన్నా సరిపోదు, అదే కుండలో నిన్న మాంసం వండి ఉంటారు.

కాబట్టి ఎంతవరకు పట్టింపో ఆవిడనే అడుగు, నీ అంతట నువ్వు నిర్ణయించకు. దేశంలో మిగిలిన రెండు మూడు వేల మంది యూదుల్లో ఎక్కువమంది కాసాబ్లాంకాలోనే ఉన్నారు. కోషర్ మాంసం కొట్లు, భోజనాలు ఎక్కువగా దొరికేదీ అక్కడే. ముందు అక్కడ దిగి, వండిన మాంసం కట్టించుకుని బయలుదేరండి. ఎస్సావిరాకు రోడ్డు మీద అయిదారు గంటలు పడుతుంది. ఒక కొత్త కరెంటు కుక్కర్, వాడి పారేసే పళ్లేలు పెట్టెలో పెట్టుకో. పళ్లు, బాదం, ఆలివ్‌లకు కొరత లేదు.

శుక్రవారం మధ్యాహ్నానికల్లా బసకు చేరిపోవాలి. పొద్దుగూకాక శనివారం రాత్రి దాకా వాళ్ల విశ్రాంతి దినం, సబ్బాతు, ఆవిడ బండెక్కరు. వీలైతే ఆ శనివారం కాసాబ్లాంకాలోనే ఉండండి. శనగలు, గుడ్లు, బంగాళాదుంపలు, మాంసం కలిపి రాత్రంతా సన్నటి సెగ మీద మగ్గబెట్టే స్ఖీనా ఎవరింట్లోనైనా దొరికితే వదలకు. యూదుల మ్యూజియం కూడా అక్కడే, ఒయాసిస్ పేటలో ఉంది. 1997లో తెరిచారు.

ఇక ఎస్సావిరా. పాత పేరు మొగాదోర్. 1760లలో సుల్తాన్ సిదీ మొహమ్మద్ బిన్ అబ్దల్లా ఈ రేవు కట్టించి, ఐరోపాతో వ్యాపారం చేయడానికి యూదు వర్తకులను రప్పించాడు. వాళ్లను సుల్తాను వర్తకులనేవారు. ధనవంతులు కస్బాలో, అంటే కోట పేటలో ఉండేవారు, పేదలు మెల్లా అనే పేటలో ఇరుక్కుని బతికారు. మీ మామగారి మామగారు ఏ వైపువారో ముందే కనుక్కో. వెతకాల్సిన వీధి దాన్నిబట్టే ఉంటుంది.

చూడాల్సినవి మూడు నాలుగే. బైత్ దాకిరా, అంటే జ్ఞాపకాల ఇల్లు, పాత సినగాగ్‌తో, అంటే యూదుల ప్రార్థనా మందిరంతో కలిసిన మ్యూజియం. 2020 జనవరిలో రాజు స్వయంగా వచ్చి చూశాడు. మెల్లాలో స్లాత్ ల్కహాల్ అనే సినగాగ్ ఉంది, సమాజం అందరిదీ అని దాని పేరు. రబ్బీ, అంటే యూదు మతగురువు, హయీమ్ పింటో సినగాగ్‌కు మెట్లెక్కాలి, ఆవిడ మోకాళ్లు చూసుకో. ఆయన సమాధి సముద్రం పక్కన పాత శ్మశానంలో ఉంది. అక్కడికి పూలు తీసుకెళ్లకు, సమాధి మీద చిన్న రాయి పెడతారు. అల్లుడు తల కప్పుకోవాలి. వాళ్లు కోహెన్, అంటే పూజారుల వంశమైతే అతను శ్మశానం లోపలికి రాడు, బలవంతపెట్టకు. తలుపు తీసే మనిషికి ముందురోజే కబురుపెట్టి, వెళ్లేటప్పుడు చేతిలో ఏదైనా పెట్టు.

పింటో గారి పుణ్యతిథి ఎలుల్ నెల 26. వాళ్ల పంచాంగం కూడా మనలాగే చంద్రుణ్ణి చూసి, అధికమాసం వేసుకుని నడిచేది. అందుకే తేదీ ఏటా మారుతుంది, మామూలుగా సెప్టెంబరులో వస్తుంది. ఆ రోజుల్లో బయటి దేశాల నుంచి భక్తులు దిగుతారు, గదులు దొరకవు. అయితే కోషర్ భోజనం దొరికే అవకాశమూ అప్పుడే ఎక్కువ. ఆవిడకు జనం ఇష్టమైతే అప్పుడే వెళ్లండి. నాకైతే ఏప్రిల్ నచ్చింది. జూన్, జులైలో గాలి చీరకొంగు నిలవనివ్వదు.

కోటగోడల లోపలి పాత ఊళ్లోకి కార్లు రావు, సామాను తోపుడుబండ్ల మీద తెస్తారు. బేరం ముందే ఆడుకో.

వాళ్ల నాన్నగారి ఇల్లు కచ్చితంగా దొరుకుతుందని ఆవిడకు మాట ఇవ్వకు. కొన్ని గుమ్మాల మీద రాతిలో చెక్కిన దావీదు నక్షత్రం ఇంకా కనబడుతుంది, లోపల ఇప్పుడు వేరేవాళ్లు ఉంటారు. తలుపు తట్టి చెప్తే చాలామంది కూర్చోబెట్టి పుదీనా టీ ఇస్తారు. ఆవిడ తాగలేకపోతే ఆవిడ గ్లాసు కూడా నువ్వే తాగెయ్యి, ఆ ఇంటివాళ్లు చిన్నబుచ్చుకోకుండా. చక్కెర మాత్రం దిట్టంగా వేస్తారు.

మీ మావయ్య