సి డ్రైవ్ ఎర్రగా ఉంది, డి డ్రైవ్ ఖాళీగా ఉంది. ఏం చేయాలి?

ప్రశ్న: అన్నా, మాది కర్నూలు. పెళ్లిళ్లకు ఫొటోలు, వీడియోలు తీస్తుంటాను. ల్యాప్‌టాప్‌లో 256 జీబీ ఎస్‌ఎస్‌డి (సి డ్రైవ్), 1 టీబీ హార్డ్‌డిస్క్ (డి డ్రైవ్) ఉన్నాయి. సి డ్రైవ్ ఎప్పుడు చూసినా ఎర్రగా నిండిపోయి ఉంటుంది, డి డ్రైవ్‌లో సగం కూడా వాడలేదు. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌ను కట్ చేసి డి లో పేస్ట్ చేస్తే సరిపోతుందా? క్లిప్పులన్నీ డెస్క్‌టాప్ మీదే పెట్టుకుంటాను, ఎడిటింగ్‌కు ప్రీమియర్ ప్రో వాడతాను.

ఆ కట్, పేస్ట్ మాత్రం చేయకండి. ప్రోగ్రామ్ అంటే ఆ ఒక్క ఫోల్డరే కాదు. ఇన్‌స్టాల్ చేసినప్పుడు దాని వివరాలు విండోస్ రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులన్నీ రాసిపెట్టుకునే చోటు), కొన్ని ఫైళ్లు యాప్‌డేటా అనే ఫోల్డర్‌లో, ఇంకొన్ని ప్రోగ్రామ్‌డేటా అనే ఫోల్డర్‌లో చేరతాయి. మీరు ఫోల్డర్‌ను జరిపినా మిగతావన్నీ పాత చోటునే చూపిస్తుంటాయి, ఇల్లు మారి ఆధార్‌లో పాత అడ్రస్ ఉంచేసినట్టు. తర్వాత ప్రోగ్రామ్ తెరుచుకోదు, ఒక్కోసారి అన్‌ఇన్‌స్టాల్ కూడా కాదు. నిజంగా మార్చాలంటే ముందు అన్‌ఇన్‌స్టాల్ చేసి, మళ్లీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డి డ్రైవ్‌ను ఎంచుకోవాలి. స్టోర్ నుంచి వేసుకున్న యాప్‌లలో కొన్నింటికి సెట్టింగ్స్‌లోని ఇన్‌స్టాల్డ్ యాప్స్ దగ్గర ‘మూవ్’ అనే బటన్ ఉంటుంది, అది నొక్కితే చాలు.

అసలు మీ విషయంలో ప్రోగ్రామ్‌లను కదిలించాల్సిన పని ఉందని నాకు అనిపించడం లేదు. సాటా రకం (వేగం తక్కువ ఉండే పాత రకం) ఎస్‌ఎస్‌డి అయినా సెకనుకు 500 ఎంబీ పైచిలుకు చదువుతుంది, ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్క్ 100 ఎంబీ అటూ ఇటూ ఉంటుంది. చిన్న చిన్న ఫైళ్లు వేలకొద్దీ చదవాల్సి వస్తే ఈ తేడా ఇంకా చాలా పెరుగుతుంది, ప్రోగ్రామ్ తెరుచుకునేటప్పుడు జరిగేది సరిగ్గా అదే. కాబట్టి విండోస్, ప్రీమియర్ రెండూ సి లోనే ఉండనివ్వండి.

సి ని నింపుతున్నది వేరే. మొదటిది మీ డెస్క్‌టాప్. అక్కడ కనిపించే ఫోల్డర్లన్నీ సి డ్రైవ్‌లో, యూజర్స్‌లో మీ పేరు కింద ఉన్నవే. మీ 256 జీబీని విండోస్ 238 జీబీగా చూపిస్తుంది (కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తుంది, విండోస్ 1024 చొప్పున, ఎవరూ మోసం చేయలేదు). అందులో విండోస్, ప్రోగ్రామ్‌లు పోను మిగిలిన చోటులో రెండు మూడు పెళ్లిళ్ల క్లిప్పులు పడితే ఎర్రగా కాక ఏమవుతుంది?

రెండోది ప్రీమియర్ మీడియా క్యాష్. దీన్ని చాలామంది చూడనే చూడరు. క్లిప్ లోపలికి తీసుకున్న ప్రతిసారీ ఆడియో, ప్రివ్యూల కోసం ప్రీమియర్ సొంతంగా కొన్ని ఫైళ్లు తయారు చేసుకుంటుంది. మామూలుగా అవి యాప్‌డేటాలో అడోబ్ ఫోల్డర్ కింద చేరతాయి, మీరు ప్రాజెక్ట్ డిలీట్ చేసినా అవి అలాగే ఉంటాయి. ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో మీడియా క్యాష్ తెరవండి. పాత క్యాష్‌ను డిలీట్ చేసే బటన్ అక్కడే ఉంది, ఇన్ని రోజులు దాటినవి తనంతట తానే తీసేసేలా పెట్టుకునే వీలూ ఉంది. క్యాష్‌ను డి కి మళ్లించొచ్చు కూడా, కానీ హార్డ్‌డిస్క్ మీద పెడితే టైమ్‌లైన్ నెమ్మదిస్తుంది. నేనైతే సి లోనే ఉంచి, పాతవి వాటంతట అవే పోయేలా పెడతాను.

క్లిప్పులకు ఒక పద్ధతి పెట్టుకోండి: ఎడిటింగ్ నడుస్తున్న పెళ్లి ఒక్కటే సి లో, ఆల్బమ్ ఇచ్చేశాక ఆ ఫోల్డర్ మొత్తం డి కి. డౌన్‌లోడ్స్, వీడియోస్ లాంటి ఫోల్డర్లను శాశ్వతంగా డి కి మార్చాలంటే వాటిపై రైట్ క్లిక్, ప్రాపర్టీస్, లొకేషన్ ట్యాబ్, మూవ్. ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. డి లో ముందే ‘డౌన్‌లోడ్స్’ అని కొత్త ఫోల్డర్ చేసి దాన్నే చూపించండి. నేరుగా డి డ్రైవ్‌నే చూపించారంటే డ్రైవ్ మొత్తం డౌన్‌లోడ్స్ ఫోల్డర్ అయిపోతుంది, మళ్లీ వెనక్కి తేవడం పెద్ద తలనొప్పి. వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ స్టోరేజ్) బ్యాకప్ ఆన్‌లో ఉంటే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ దాని చేతిలో ఉంటాయి, ముందు దాన్ని ఆపి అప్పుడు మార్చండి.

సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ దగ్గర కూడా కొంత ఖాళీ అవుతుంది. అక్కడ డౌన్‌లోడ్స్ అనే వరుస కూడా ఉంటుంది, దానికి టిక్ పెట్టారా, కస్టమర్ పంపిన ఫొటోలు కూడా పోతాయి.

ఇంకో మాట. డి లో పెట్టాం కదా, సేఫ్ అనుకోకండి. రెండు డ్రైవ్‌లూ ఒకే బ్యాగులో ఉన్నాయి. హార్డ్‌డిస్క్‌లో తిరిగే పళ్లెం ఉంటుంది. ఆదోనిలో పెళ్లికి బండి మీద పోతున్నప్పుడు ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి పోకుండా నడుస్తూనే ఉంటే, డిస్క్ పాడవడానికి ఒక్క గుంత చాలు. ఆల్బమ్ చేతికిచ్చేదాకా ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఒక కాపీ ఉండాలి.

ప్రశ్న: అనంతపురంలో బీటెక్ చదువుతున్నాను సార్. డి డ్రైవ్ నుంచి 50 జీబీ తీసి సి కి కలపాలనుకుంటే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ‘ఎక్స్‌టెండ్ వాల్యూమ్’ (డ్రైవ్ సైజు పెంచే ఆప్షన్) పనిచేయడం లేదు. ఎందుకు?

ముందు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ చూడండి. సి, డి రెండూ ఒకే డిస్క్ కింద కనిపిస్తే అది ఒకే డిస్క్‌ను రెండు ముక్కలు (పార్టిషన్లు) చేసినది. వేర్వేరు డిస్క్‌లుగా కనిపిస్తే ఒకదాని జాగా తెచ్చి సి లో కలపడం కుదరదు. ఒకే డిస్క్ అయితే, ఖాళీ జాగా సి కి ఆనుకుని కుడి పక్కనే ఉంటేనే ఆ ఆప్షన్ పనిచేస్తుంది. డి ని కుదిస్తే ఖాళీ దాని చివర మిగులుతుంది, సి పక్కన కాదు. డి లోని ఫైళ్లను బయట కాపీ చేసుకుని, ఆ పార్టిషన్ తీసేసి, సి ని పెంచి, మిగిలిన దాంట్లో డి ని మళ్లీ చేసుకోండి. మధ్యలో రికవరీ పార్టిషన్ (విండోస్ పాడైతే బాగుచేసుకోవడానికి ఉంచిన ముక్క) అడ్డుంటే దాని జోలికి పోకండి, సి ని అలాగే వదిలేసి డౌన్‌లోడ్స్‌ను డి కి మార్చుకోవడమే మేలు.