పట్టపగలు ఆకాశంలో అదేమిటి?

మీ ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి కర్నూలు, అనంతపురం, కడప వైపు పాఠకుల ప్రశ్నలు. చాలా ఉత్తరాల్లో "బిందె అంత ఉంది", "బస్సు అంత ఉంది" అని రాశారు గానీ ఏ దిక్కున, నేల నుంచి ఎంత ఎత్తున, ఎన్ని నిమిషాలు కనిపించిందో రాయలేదు. వస్తువేదో తేల్చేవి ఈ మూడే. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు, చిటికెన వేలు వెడల్పు 1 డిగ్రీ. కనిపించిన వెంటనే వీటితో కొలిచి, టైము చూసి కాగితం మీద రాసుకోండి. సాయంత్రం నలుగురితో చెప్పుకునేసరికి వివరాలు మారిపోతాయి.

ప్రశ్న: డిసెంబరులో తెల్లవారుతుండగా ఉత్తరాన, పిడికిలి ఎత్తులో, తెల్లగా మెరుస్తూ ఒక చుక్క గంటకు పైగా కదలకుండా నిలబడింది. ఎండెక్కాక కనపడలేదు. డ్రోన్ అంటున్నారు, నాకు నమ్మకం లేదు. — ఒక పాఠకుడు, కర్నూలు

మీరు దిక్కూ ఎత్తూ రాయడం వల్ల లెక్క కట్టడం కుదిరింది. హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం ఉంది. అక్కడి నుంచి రాత్రిపూట, తెల్లవారుజామున పరిశోధన బెలూన్లు వదులుతారు. హైడ్రోజన్ నింపిన పల్చటి పాలిథీన్ సంచులవి. పైకి వెళ్లాక 50 మీటర్ల వ్యాసానికి, ఇంకా పెద్దవైతే 85 మీటర్ల దాకా ఉబ్బుతాయి. 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు చేరి కొన్ని గంటలు తేలుతాయి.

కర్నూలు నుంచి ఆ కేంద్రం నేరుగా 190 కిలోమీటర్ల దూరం. 35 కిలోమీటర్ల ఎత్తున్న బెలూన్, భూమి వంపు తీసేస్తే, మీకు 9 నుంచి 10 డిగ్రీల ఎత్తున కనిపించాలి. మీ పిడికిలి సరిగ్గా అదే చెబుతోంది. ఆ ఎత్తులో ఉన్నదానికి సూర్యుడు మనకంటే దాదాపు 25 నిమిషాల ముందే ఉదయిస్తాడు. కింద చీకటిగా ఉన్నా అది వెలుగుతుంది. ఎండెక్కాక చుట్టూ ఆకాశం తెల్లబడి చుక్క అందులో కలిసిపోతుంది.

అదే రోజు దాన్ని చూసిన మరొకరు చంద్రుడంత ఉందని రాశారు. 190 కిలోమీటర్ల దూరాన చంద్రబింబమంత కనిపించాలంటే అది కిలోమీటరున్నరకు పైగా వెడల్పు ఉండాలి. ఖాళీ ఆకాశంలో పోల్చుకోవడానికి ఏదీ ఉండదు కాబట్టి దూరం తెలియదు, దూరం తెలియకపోతే సైజూ తెలియదు. ఇది ఎవరి కంటికైనా వచ్చే ఇబ్బందే.

శుక్రుడు అనుకోవడానికి వీల్లేదు. శుక్రుడు మనకు ఉత్తరాన ఇంత కిందుగా ఎప్పుడూ రాడు, పైగా గంటకు పిడికిలిన్నర చొప్పున జరుగుతాడు. డ్రోన్ల విషయానికొస్తే, కర్నూలు దగ్గర డీఆర్‌డీవో ఓపెన్ ఏరియా రేంజ్ ఉన్నమాట నిజం. 2025 ఏప్రిల్ 13న అక్కడ లేజర్‌తో డ్రోన్లను కూల్చే పరీక్ష కూడా చేశారు. కానీ మామూలు డ్రోన్ బ్యాటరీ గంటసేపు ఒకేచోట నిలబెట్టలేదు.

ప్రశ్న: మధ్యాహ్నం మూడు గంటలప్పుడు మిద్దె మీద ఎండబెట్టిన మిరపకాయలు ఎత్తుతుంటే పైన చిన్న తెల్ల చుక్క కనిపించింది. మా ఆయన్ను పిలిచి చూపించేలోపు మళ్లీ దొరకలేదు. పగలు నక్షత్రం కనిపిస్తుందా? — ఒక పాఠకురాలు, గుత్తి

కనిపించింది శుక్రగ్రహం అయి ఉండవచ్చు. సూర్యుడు, చంద్రుడు తర్వాత ఆకాశంలో అంత కాంతి గలది అదే. సూర్యుడికి 47 డిగ్రీలకు మించి, అంటే నాలుగైదు పిడికిళ్లకు మించి, ఎన్నడూ దూరం పోదు. మీరు చూసింది అంతకంటే దూరంలో ఉంటే శుక్రుడు కాదు.

మళ్లీ దొరకకపోవడానికి కారణం మీ కన్నే. ఏమీ లేని నీలాకాశంలోకి చూస్తే కంటి ఫోకస్ దూరం మీద నిలవక ఒకటి రెండు మీటర్ల దగ్గరికి జారిపోతుంది. చుక్క అక్కడే ఉన్నా మసకబారి కలిసిపోతుంది. దూరంగా ఉన్న నీళ్ల ట్యాంకు అంచునో సెల్ టవర్ కొననో రెండు క్షణాలు చూసి, వెంటనే చుక్క ఉన్నచోటికి చూపు తిప్పండి. నెలవంక పక్కన ఉన్న రోజు మరీ సులువు, కంటికి ఆసరా దొరుకుతుంది. వాన వెలిసిన మర్నాడు ప్రయత్నించండి, మన వైపు ఎండాకాలపు దుమ్ములో కష్టం.

నిలబడే చోటు చాలా ముఖ్యం. శుక్రుడు సాయంత్రపు చుక్కగా ఉన్న నెలల్లో మధ్యాహ్నం దాటాక, మీకు పడమరగా ఉన్న గోడ నీడలో నిలబడండి. సూర్యుడు ఆ గోడ వెనక్కి ఇంకా ఇంకా దిగిపోతాడు గానీ బయటికి రాడు. ఉదయం తూర్పు గోడ నీడలో అదే పని చేస్తే సూర్యుడు గోడ మీదుగా ఎక్కి హఠాత్తుగా కంట్లో పడతాడు. వేగుచుక్కగా ఉన్న నెలల్లో తెల్లవారకముందే పట్టుకుని, పావుగంటకోసారి చూసుకుంటూ ఎండెక్కేదాకా వెంబడించడం మంచి పద్ధతి. బైనాక్యులర్స్‌తో సూర్యుడి చుట్టుపక్కల వెతకనే వద్దు. ఒక్క క్షణం తగిలినా చూపు పోతుంది.

ప్రశ్న: పదకొండు గంటల ఎండలో చాలా ఎత్తున ఇరవై ముప్పై తెల్ల చుక్కలు గుండ్రంగా తిరుగుతూ, ఒక్కసారిగా మాయమై మళ్లీ మెరిశాయి. — ఒక పాఠకుడు, హిందూపురం

కొంగలు. మీకు దగ్గర్లోని వీరాపురానికి ఏటా ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి. నేల వేడెక్కాక పైకి లేచే గాలిని పట్టుకుని రెక్క ఆడించకుండా ఎక్కుతాయి. రెక్క సూర్యుడి వైపు వాలినప్పుడు మెరుపు, పక్కకు తిరిగితే ఏమీ ఉండదు.

ప్రశ్న: పొద్దు గుంకే వేళ పడమటి కొండల వైపు నిప్పులు కక్కుతూ ఏదో మెల్లగా పడిపోవడం ఊరంతా చూశాం. — కొందరు పాఠకులు, ప్రొద్దుటూరు

ఎంతసేపు కనిపించిందన్నదే దీనికి జవాబు. ఉల్క అయితే కొన్ని సెకన్లలో అయిపోతుంది. ఐదారు నిమిషాలు "పడింది" అంటే అది మీకు దూరంగా పోతున్న విమానం పొగచార. 11 కిలోమీటర్ల ఎత్తున ఎగిరే విమానం 200 కిలోమీటర్లు దాటేసరికి మనకు 2 డిగ్రీల ఎత్తునే ఉంటుంది. నేరుగా ఎగురుతున్నా కొండలోకి దిగిపోతున్నట్టే కనబడుతుంది. కింది నుంచి తగిలే ఎర్రటి ఎండకు చార నిప్పులా వెలుగుతుంది. విమానాల జాడ చూపే ఫ్లైట్‌రాడార్ యాప్‌లో వెనక్కి తిప్పి చూసే వీలుంది, ఆ నిమిషం పెట్టి చూడండి.

అదే చార తూర్పు ఆగ్నేయంగా పైకి లేస్తే శ్రీహరికోట తేదీలు చూసుకోండి. కడపకు శ్రీహరికోట 170 కిలోమీటర్లే. 100 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లేసరికి రాకెట్ సముద్రం మీదుగా దూరం జరిగిపోతుంది కాబట్టి మీకు మూడు పిడికిళ్ల కంటే తక్కువ ఎత్తునే ఉంటుంది. ఒక్కో ఎత్తులో గాలి ఒక్కో వైపు వీస్తుంది కాబట్టి పొగ కాసేపటికి మెలికలు తిరుగుతుంది.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. పగలు కళ్లు మిరుమిట్లు గొలిపే మెరుపు కనిపిస్తే కిటికీ దగ్గరికి పరుగెత్తకండి. 2013 ఫిబ్రవరి 15 ఉదయం రష్యాలోని చెల్యాబిన్‌స్క్‌లో ఉల్క పేలిన మెరుపు చూసి జనం కిటికీల దగ్గరికి చేరారు. పేలుడు తరంగం ఆ తర్వాత వచ్చి అద్దాలు పగలగొట్టింది. సుమారు 1,500 మందికి గాయాలయ్యాయి, ఎక్కువగా గాజు ముక్కలతోనే.

ప్రశ్న: కంటికి కనపడలేదు గానీ ఫోన్ ఫోటోలో పచ్చటి బిళ్ల పడింది. — ఒక విద్యార్థి, కడప

ఫ్రేములో సూర్యుడున్నాడేమో చూడండి. సూర్యుడి నుంచి ఫోటో మధ్య బిందువు మీదుగా గీత గీస్తే బిళ్ల అవతలి వైపు దాదాపు అంతే దూరంలో ఉంటే అది లెన్స్‌లోని ప్రతిబింబం. ఫోటో పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా కాక డాక్యుమెంట్‌గా పంపండి. లేకపోతే ఫైలు కుదించుకుపోయి, తీసిన సమయం వివరాలు కూడా పోతాయి.

ప్రశ్న: ఇలాంటి వస్తువు ఎత్తును బడి పిల్లలతో కొలిపించవచ్చా? — ఒక ఉపాధ్యాయురాలు, తాడిపత్రి

తప్పకుండా. కోణమానిని అడుగు అంచుకు జ్యూస్ స్ట్రా టేపుతో అంటించండి. మధ్య రంధ్రంలో జానెడు దారం కట్టి, చివర ఇనుప నట్టు వేలాడదీయండి. ఒకరు స్ట్రాలోంచి వస్తువును చూడాలి, పక్కనున్నవారు దారం ఏ గీత మీద ఉందో చదవాలి. 90కి, ఆ అంకెకి ఉన్న తేడాయే ఎత్తు కోణం.

రెండు జట్లు కావాలి. వస్తువు ఏ దిక్కున ఉందో ఆ దిక్కు గీత మీదే, ఒకదాని వెనక ఒకటి, 3 కిలోమీటర్ల ఎడంలో నిలబడాలి. ఫోన్‌లో ఒకటి రెండు మూడు లెక్కపెట్టి ఒకే క్షణంలో కొలవాలి. దగ్గరి జట్టుకు 45, దూరపు జట్టుకు 30 డిగ్రీలు వచ్చాయనుకోండి. త్రికోణమితి రాని పిల్లలైతే గ్రాఫ్ కాగితం మీద సెంటీమీటరుకు అర కిలోమీటరు చొప్పున 6 సెంటీమీటర్ల గీత గీసి, రెండు కొసల దగ్గర ఆ కోణాలను ఒకే వైపుకు గీయాలి. గీతలు కలిసేచోటు 8.2 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది, అంటే 4.1 కిలోమీటర్లు.

ఒక్కో జట్టు ఒక్క డిగ్రీ తప్పినా జవాబు 3.6 నుంచి 4.8 దాకా మారిపోతుంది. గాలికి దారం ఊగడమే ఎక్కువగా తప్పులకు కారణం, అందుకే నట్టు బరువుగా ఉండాలి. దూరం తగ్గించి 300 మీటర్ల ఎడంలో కొలిస్తే రెండు కోణాల తేడా 2 డిగ్రీలే వస్తుంది, ఆ కొలత పనికిరాదు. ముందు ఊరి సెల్ టవర్ మీద సాధన చేయించండి. సూర్యుడి వైపు స్ట్రా తిప్పనివ్వకండి.

ప్రశ్న: శెనక్కాయ చేలో పారాచూట్‌తో పెట్టె పడితే ఏం చేయాలి? — ఒక రైతు, ఆలూరు

అరచేతిలో పట్టే తేలికైన తెల్ల డబ్బా, పగిలిన రబ్బరు బెలూన్ ముక్కలు ఉంటే అది వాతావరణ కేంద్రం వాళ్లది, ప్రమాదం లేదు. పెద్ద పెట్టె, రంగు పారాచూట్ అయితే ముట్టుకోకండి. 2022 డిసెంబరు 7న వికారాబాద్ జిల్లాలో ఒక స్పెయిన్ కంపెనీ ప్రయోగ పెట్టె దిగినప్పుడు జనం గుంపులుగా వచ్చారు. కొన్ని పరికరాల్లో అధిక వోల్టేజీ ఉంటుంది, కాబట్టి మూత విప్పడం, తీగలు లాగడం చేయవద్దు. సంచిలో హైడ్రోజన్ మిగిలి ఉండవచ్చు, దగ్గర బీడీ వెలిగించనివ్వకండి. పాలిథీన్ పట్టాగా పనికొస్తుందని కోసి పంచుకుంటే పరిశోధన పాడవుతుంది, ముక్కలు మేతలో కలిస్తే పశువులకు ముప్పు. పెట్టె మీద రాసిన చిరునామా, ఫోన్ నంబరు దూరం నుంచే ఫోటో తీసి, 112కు గానీ దగ్గరి పోలీస్ స్టేషన్‌కు గానీ చెప్పండి. వాళ్లు వచ్చేదాకా పిల్లల్నీ గొర్రెల్నీ అటు పోనివ్వకండి.