హంసలు వేసవిలో ఎందుకు ఎగరలేవు?

ఇంగ్లండ్ పార్కుల్లో జులైలో హంసల దగ్గరికి వెళ్తే ఎగిరిపోకుండా నీళ్ళలోకి పరిగెడుతున్నాయి, ఏమైనా జబ్బా అని అడిగారు. జబ్బేమీ లేదు, టెన్షన్ పడకండి. అవి ఈకలు మార్చుకుంటున్నాయి.

కాకి, పావురం లాంటివి రెక్కల ఈకల్ని కొన్ని కొన్నిగా రాలుస్తాయి కాబట్టి ఎగరడం ఆగదు. హంసలు, బాతులు మాత్రం ఎగరడానికి పనికొచ్చే పెద్ద ఈకలన్నిటినీ దాదాపు ఒకేసారి వదిలేస్తాయి. కారణం బరువు. అక్కడి పార్కుల్లో కనిపించే మ్యూట్ హంస మగది 10 కిలోలు దాటుతుంది. అంత ఒంటికి ఆ రెక్కలు బొటాబొటిగా సరిపోతాయి. నాలుగు ఈకలు తగ్గినా గాల్లోకి లేవడం కష్టమే. అందుకే ఆరేడు వారాల్లో ఆ పని మొత్తం ముగించేస్తాయి. తిండి, రక్షణ రెండూ నీళ్ళలోనే ఉన్నాయి కాబట్టి ఇది సాధ్యం.

కొత్త ఈక సన్నటి తొడుగులో చుట్టుకుని బయటికొస్తుంది. పెరిగినన్నాళ్ళూ లోపల రక్తం పారుతూనే ఉంటుంది, గట్టిగా తగిలితే కారుతుంది. దయచేసి ఈ రోజుల్లో వాటిని తరమకండి, కుక్కల్ని వదలకండి.

నాకు చాలా నచ్చే విషయం ఇంకోటుంది. పిల్లలున్న జంటలో సాధారణంగా తల్లి ముందు ఈకలు రాలుస్తుంది, దాని రెక్కలు సిద్ధమయ్యే వేళకు తండ్రి మొదలుపెడుతుంది. థేమ్స్ నదిలో హంసల్ని ఏటా జులైలోనే లెక్కపెట్టడానికీ ఇలా ఎగరలేకపోవడమే వీలు.

చలికాలంలో కొల్లేరుకు వచ్చే సూదితోక బాతులు రెక్కల ఈకల్ని సైబీరియా లాంటి ఉత్తర ప్రాంతాల్లోనే మార్చుకుని బయల్దేరతాయి. అందుకే ఈ దశ మనకు కనపడదు.