ఇన్సులిన్ వేసేచోట ఉబ్బులు.. ఏం చేయాలి?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. మూడేళ్ల క్రితం టైప్-1 డయాబెటిస్ అని తేలింది. రోజూ నాలుగుసార్లు పెన్నుతో పొట్ట మీద ఇన్సులిన్ వేస్తున్నాం. కొన్నాళ్లుగా బొడ్డుకు రెండు పక్కలా మెత్తగా ఉబ్బింది. నొప్పి లేదు. షుగర్ మాత్రం ఒకరోజు 300 ఉంటే మర్నాడు 65 ఉంటోంది. ఈమధ్య మోకాలి మీద తెల్లమచ్చ కనిపించింది. గజ్జల్లో దురద కూడా ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఇవన్నీ షుగర్ వల్లేనా?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ముందు ఆ ఉబ్బుల సంగతి చూద్దాం. మీ బాబు షుగర్ ఎగుడుదిగుడులకు కారణం చాలావరకు అక్కడే ఉండొచ్చు. ఒకేచోట మళ్లీ మళ్లీ ఇన్సులిన్ వేస్తుంటే చర్మం కింద కొవ్వు పేరుకుని ఉబ్బుతుంది. దీన్ని లైపోహైపర్‌ట్రోఫీ అంటాం. భయపడాల్సిన గడ్డ కాదు. కాకపోతే అందులోకి వెళ్లిన ఇన్సులిన్ రక్తంలోకి ఎప్పుడు, ఎంత చేరుతుందో చెప్పలేం. పైగా అక్కడ సూది నొప్పి అంతగా తెలియదు. దాంతో పిల్లలు చొక్కా పైకెత్తి ‘అమ్మా, ఇక్కడే వెయ్యి’ అంటారు. ఏడవకపోతే చాలని మనమూ అక్కడే వేస్తాం.

ఇకపై ఆ ఉబ్బుల మీద వేయొద్దు. అయితే చోటు మార్చేముందు మీ డాక్టర్‌తో తప్పక మాట్లాడండి. మంచి చర్మంలో అదే మోతాదు గట్టిగా పనిచేసి షుగర్ బాగా పడిపోవచ్చు, కాబట్టి డోసు తగ్గించాల్సి రావచ్చు. కొన్నాళ్లు షుగర్ ఎక్కువసార్లు చూడండి, రాత్రిపూట కూడా. 70 కన్నా తగ్గితే రెండు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పొట్టతో పాటు తొడలు, పిరుదులు, చేతుల వెనక భాగం కూడా వాడుకోవచ్చు. ఒక సూదికీ మరో సూదికీ కనీసం వేలెడు వెడల్పు ఎడం ఉండాలి. పిల్లలకు 4 మిల్లీమీటర్ల సూది సరిపోతుంది. ఖర్చు కలిసొస్తుందని ఒకే సూదిని రోజుల తరబడి వాడేవాళ్లున్నారు. మొద్దుబారిన సూదితోనూ ఇలాంటి ఉబ్బులు వస్తాయి. కాపడం, మర్దన అక్కర్లేదు. వదిలేస్తే కొన్ని నెలల్లో అవే తగ్గుతాయి.

తెల్లమచ్చ బొల్లి కావచ్చు, కాకపోనూవచ్చు. చర్మవ్యాధుల డాక్టరు చూస్తేనే తేలుతుంది. బొల్లి అయినా షుగర్ పెరగడం వల్ల వచ్చింది కాదు. టైప్-1లో రోగనిరోధక వ్యవస్థ పొరపాటున సొంత క్లోమాన్నే దెబ్బతీస్తుంది. కొందరిలో చర్మానికి రంగునిచ్చే కణాల మీదా అదే జరుగుతుంది. చేపలు, పాలు కలిపి తినడం వల్ల వచ్చిందని ఎవరైనా అంటే పట్టించుకోకండి. థైరాయిడ్ పరీక్ష మాత్రం ఒకసారి చేయించండి. టైప్-1 పిల్లల్లో ఆ సమస్య కూడా కాస్త ఎక్కువే.

గజ్జల్లో దురద చాలావరకు ఫంగస్ వల్లే. షుగర్ ఎక్కువగా ఉండి, చెమట పడితే త్వరగా వస్తుంది. స్నానం తర్వాత ఆ భాగం తడి లేకుండా తుడిచి, వదులైన కాటన్ బట్టలు వేయండి. మెడికల్ షాపులో అడిగి ట్యూబు కొనడం మాత్రం వద్దు. అలా దొరికే చాలా క్రీముల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజులు దురద తగ్గినట్టే ఉండి ఆ తర్వాత ఫంగస్ మరింత పాకుతుంది. పిల్లల్లో ఆ స్టెరాయిడ్ షుగర్‌నూ పెంచొచ్చు. ఇప్పటికే ఏదైనా రాసి ఉంటే డాక్టర్ దగ్గరికి ఆ ట్యూబు కూడా తీసుకెళ్లండి.