తీర్పులు మారితే చదివింది వృథా అవుతుందా?

హనుమకొండ నుంచి ఒక తండ్రి రాశారు: "మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. లా చదివి జడ్జి అవుతానంటోంది. కోర్టులే పాత తీర్పులు కొట్టేస్తుంటే చదివిన చదువు నిలుస్తుందా? ప్రవేశ పరీక్ష క్లాట్‌కు కోచింగ్ ఇప్పించి జాతీయ లా యూనివర్సిటీకి పంపాలా, ఇక్కడి కాకతీయ లా కాలేజీ చాలా? ఇంట్లో మాత్రం ప్రతిదానికీ ఎదురు ప్రశ్నలే."

ఈ ప్రశ్న ఏటా వింటాను. అడిగేది తీర్పుల గురించే అయినా భయం వేరు: ఇన్నేళ్లు చదివించాక అమ్మాయి స్థిరపడకపోతే ఎలా అని. ముందు తీర్పుల సంగతి చూసి, తర్వాత ఆ భయం దగ్గరికి వద్దాం.

లా అంటే సెక్షన్లు కంఠతా పట్టడం కాదు. పాత తీర్పు ఏ కారణంతో వచ్చిందో, నేటి కేసుకు అది వర్తిస్తుందో లేదో తేల్చడం. సుప్రీంకోర్టు ప్రకటించిన న్యాయసూత్రానికి మిగతా కోర్టులన్నీ కట్టుబడాలని రాజ్యాంగంలోని 141వ అధికరణ చెబుతోంది. అయితే తీర్పులోని ప్రతి వాక్యానికీ ఆ బలం ఉండదు, ఫలితానికి ఆధారమైన కారణానికే ఉంటుంది. "ఆ కేసు సంగతులు వేరు, మావి వేరు" అని లాయరు చూపించగలిగితే ఎదుటివారు ఆధారంగా చూపిన పాత తీర్పు (సైటేషన్) నిలవదు. చట్టం ఎక్కువగా ఇలాగే, కొద్దికొద్దిగా మారుతుంది.

పాత తీర్పు పూర్తిగా తిరగబడటం అరుదు. 1962లో ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు బెంచ్‌లోని ఆరుగురిలో మెజారిటీ న్యాయమూర్తులు గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదన్నారు. అదే బెంచ్‌లో ఉన్న, రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు ఒప్పుకోలేదు. కారణాలు చెబుతూ విడిగా తీర్పు రాశారు. దాదాపు 55 ఏళ్లు అది మైనారిటీ తీర్పుగానే ఉంది. 2017లో పుట్టస్వామి కేసు వచ్చింది. గోప్యత హక్కును ఒప్పుకోని 1954 నాటి ఎం.పి. శర్మ తీర్పు ఎనిమిది మంది న్యాయమూర్తులు ఇచ్చింది కాబట్టి, దాన్ని దాటడానికి తొమ్మిది మంది కూర్చున్నారు. గోప్యత ప్రాథమిక హక్కేనని అందరూ ఒక్కమాటగా తేల్చారు. సుబ్బారావు వాదనను శ్రద్ధగా చదువుకున్నవారి చదువు వృథా పోయిందంటారా?

మీ అమ్మాయికి నేరుగా తగిలే మార్పు ఒకటుంది. సివిల్ జడ్జి పరీక్షకు లాయరుగా మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 1993లో చెప్పింది, 2002లో తీసేసింది, 2025 మే నెలలో మళ్లీ పెట్టింది. "డిగ్రీ చేతికి రాగానే జడ్జి" అనే ప్రకటనలు చూసి డబ్బు కట్టకండి.

జాతీయ యూనివర్సిటీల మోజుపై నా సందేహం దాచుకోను. హైదరాబాద్‌లోని జాతీయ లా యూనివర్సిటీ నల్సార్ మంచి సంస్థ. సీటు వచ్చి, అప్పు చేయకుండా ఫీజు కట్టగలిగితే సంతోషంగా పంపండి. కానీ నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు అడిగేది కార్పొరేట్ జీతాల గురించే. మీ అమ్మాయి కోరింది అది కాదు కదా! జిల్లా కోర్టులో సాక్షి తెలుగులో చెబుతాడు, తడబడతాడు, మాట మారుస్తాడు. అది వినడం అలవాటు కావాలి. సుబేదారిలోని కాకతీయ లా కాలేజీలో చదివితే అదాలత్ సెంటర్ దగ్గరి కోర్టుకు నడిచి వెళ్లవచ్చు. ఆ సీటును తక్కువగా చూడకండి.

ఇక ఎదురు ప్రశ్నలంటూ ఫిర్యాదు చేశారు. ఇది మాత్రం మీ తప్పే. ఎందుకని అడిగే పిల్లను అణచివేసి, లా పనికొస్తుందా అని నన్ను అడిగితే ఏం చెప్పను? ఇంటర్ పరీక్షలయ్యాక, కోర్టు వేసవి సెలవులు మొదలయ్యేలోగా, ఒక రోజు ఆమెను కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చోబెట్టండి. సాయంత్రం, ఏ లాయరు వాదన నచ్చిందో, ఎందుకో అడగండి. ఆమె చెప్పడం పూర్తయ్యే వరకు మీరు మధ్యలో మాట్లాడకండి.