విశాఖ పోర్టు 'ట్రస్ట్' పోయి 'అథారిటీ' వచ్చాక నిజంగా ఏం మారింది?

అడిగిన ప్రశ్న ఇది: 2021 మేజర్ పోర్ట్ అథారిటీస్ చట్టంతో విశాఖపట్నం పోర్ట్ ట్రస్ట్ అథారిటీగా మారింది కదా, బోర్డు మీద పేరు తప్ప ఇంకేమైనా మారిందా? పక్కనే ఉన్న గంగవరం రేవుకు ఇవే నిబంధనలు ఎందుకు వర్తించవు?

చాలానే మారింది. అయితే చట్టం వచ్చిన రోజు నుంచి రేవంతా ఒకే పద్ధతిలోకి వచ్చిందనుకుంటే లెక్క తప్పుతారు. ఒకే హార్బర్‌లో రెండు మూడు కాలాల నిబంధనలు పక్కపక్కనే నడుస్తుంటాయి. ఏ బెర్తుకు (ఓడ ఆగి సరుకు దించే చోటుకు) ఏది వర్తిస్తుందో తెలియాలంటే చట్టం తేదీ ఒక్కటే చాలదు, ఆ బెర్తు ఒప్పందం తేదీ కూడా చూడాలి.

మొదలు చూస్తే, ఈ రేవు రైల్వే కోసం పుట్టింది. మధ్య పరగణాల మాంగనీసును సముద్రానికి చేర్చడానికి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే దీన్ని కట్టింది. రాయ్‌పూర్-విజయనగరం లైను పూర్తయ్యాక, 1933లో ఓడలు రావడం మొదలైంది. 1956లో రైల్వే నుంచి కేంద్ర రవాణా శాఖకు, 1964 ఫిబ్రవరిలో 1963 నాటి మేజర్ పోర్ట్ ట్రస్ట్స్ చట్టం కింద ట్రస్టు బోర్డుకు వెళ్లింది. ఆ బోర్డులో కస్టమ్స్, రైల్వే, కార్మికులతో పాటు ఓడల యజమానులకు, సరుకు పంపేవాళ్లకు కూడా కుర్చీలుండేవి. ఇప్పటి బోర్డులో సభ్యులు 11 నుంచి 13 మందే. రాష్ట్ర ప్రభుత్వం, రైల్వే, రక్షణ, కస్టమ్స్ ప్రతినిధులు, ఇద్దరు కార్మిక ప్రతినిధులు, 2 నుంచి 4 స్వతంత్ర సభ్యులు ఉంటారు. వాడుకదారులకు ప్రత్యేకంగా సీటు లేదు. నిర్ణయాలు త్వరగా జరుగుతాయన్నది నిజమే కానీ, రేట్లు కట్టేవాళ్ల గొంతు బోర్డు గదిలో లేకపోవడం పెద్ద లోటని నా అభిప్రాయం.

అసలు మార్పు రేట్ల దగ్గర ఉంది. ప్రైవేటు టెర్మినళ్లు రావడం మొదలయ్యాక ఒక చిక్కొచ్చింది. పోర్టు తానే బెర్తులు నడుపుతుంది, పక్క బెర్తు నడిపే కంపెనీకి యజమాని కూడా తానే. ఇద్దరి రేట్లూ అదే పోర్టు తేల్చితే న్యాయం ఉండదు కాబట్టి 1997లో టాంప్ అనే టారిఫ్ సంస్థను పెట్టారు. అప్పట్లో పోర్టు ప్రతిపాదన పంపాలి, వాడుకదారుల అభిప్రాయాలు తీసుకోవాలి, విచారణ జరగాలి, గెజిట్‌లో రావాలి, సాధారణంగా ఆ తర్వాత 30 రోజులకు రేటు అమలయ్యేది. ఇంతలో మార్కెట్ మారిపోయేది. 2021 చట్టం ఈ పనిని మళ్లీ పోర్టు బోర్డుకే అప్పగించింది. ఆ చట్టం 2021 నవంబర్ 3న అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత కుదిరే ప్రైవేటు ఒప్పందాల్లో ఆపరేటరే మార్కెట్‌ను బట్టి రేటు పెట్టుకోవచ్చు, బోర్డు రేటు బిడ్డింగ్‌కు ఆధారంగా మాత్రమే ఉంటుంది. పాత ఒప్పందాలు సవరించుకుంటే తప్ప పాత షరతుల మీదే నడుస్తాయి.

పోర్టుకు కట్టే వాటా (రాయల్టీ) విషయంలో జరిగిన పొరపాటు ఇంకా పెద్దది. పాత నమూనాలో ఆపరేటరు స్థూల ఆదాయంలో ఇంత శాతం అని బిడ్ వేసేవాడు. కానీ ఆ శాతాన్ని టాంప్ గరిష్ఠ రేటు మీద లెక్కకట్టేవారు, వాస్తవంగా వసూలైన సొమ్ము మీద కాదు. ఉదాహరణకు గరిష్ఠ రేటు టన్నుకు రూ.100, వాటా 35 శాతం అనుకోండి. పోటీ వల్ల ఆపరేటరు రూ.80కే సరుకు దించినా పోర్టుకు రూ.35 కట్టాల్సిందే. అంటే చేతికొచ్చిన దానిలో దాదాపు 44 శాతం. రేటు తగ్గించి సరుకు తెచ్చుకుందామంటే అదే నష్టమైంది. 2018లో నమూనా ఒప్పందం మార్చి, టన్నుకు లేదా కంటైనరుకు ఇన్ని రూపాయలు, ఏటా టోకు ధరల సూచీని బట్టి సవరణ అన్నారు. కాబట్టి పాత టెర్మినల్ రాయితీ ఇవ్వనంటే మొండితనం అనుకోకండి, ముందు ఒప్పందంలో రాయల్టీ క్లాజు చదవండి.

కార్మికుల విషయం కూడా ఇలాగే పొరలు పొరలుగా మారింది. 1948 చట్టం కింద వచ్చిన డాక్ లేబర్ బోర్డుల్లో స్టీవెడోరు (ఓడలో సరుకు ఎక్కించి దించే పని చేయించేవాడు) కళాసీల కూలితో పాటు దాని మీద ఇంత శాతమని లెవీ కట్టేవాడు. పని లేని రోజుల హాజరు భత్యం, ఇతర సదుపాయాలు దాన్నుంచే వచ్చేవి. కన్వేయర్లు, కంటైనర్లు వచ్చి చేతి పని తగ్గేసరికి లెవీ కట్టే కూలి మొత్తం తగ్గింది, ఖర్చు మాత్రం తగ్గలేదు. దాంతో లెవీ శాతం పెంచారు, సరుకు యంత్రాల వైపు ఇంకా జరిగింది. ఈ బోర్డులను పోర్టుల్లో కలపడానికి 1997లో వేరే చట్టం చేయాల్సి వచ్చింది.

ఇక గంగవరం. 2021 చట్టం మేజర్ పోర్టులకే. రాజ్యాంగంలో 'మేజర్' అనేది రేవు సైజుకు పెట్టిన పేరు కాదు. మేజర్ పోర్టులు కేంద్ర జాబితాలో, మిగతావి ఉమ్మడి జాబితాలో ఉంటాయి. గంగవరం ఎంత లోతైనా చట్టం దృష్టిలో మేజర్ కాదు. రాష్ట్రం ఇచ్చిన కన్సెషన్ (నడిపే హక్కు ఒప్పందం) మీద నడుస్తుంది. విశాఖలో ప్రైవేటుకిచ్చేది ఒక టెర్మినల్, అక్కడ రేవు మొత్తం.

పనికొచ్చే మాట ఒకటి. విశాఖలో బిల్లు వస్తే ముందు రెండుగా విడదీయండి. పోర్టు డ్యూస్ (రేవులోకి వచ్చినందుకు రుసుము), పైలటేజీ (ఓడకు దారి చూపినందుకు రుసుము) ఓడ స్థూల టన్నేజీని బట్టి పోర్టు వసూలు చేస్తుంది, ప్రైవేటు బెర్తుకు వెళ్లినా సరే. వార్ఫేజీ (సరుకు మీద వేసే రేవు రుసుము), నిల్వ ఛార్జీలు ఆ బెర్తు ఎవరు నడుపుతుంటే వాళ్లవి. బెర్త్ హైర్ (ఓడ బెర్తులో ఆగినందుకు అద్దె) ఎవరిదో ఒప్పందాన్ని బట్టి ఉంటుంది, ఎక్కువ గొడవలు అక్కడే వస్తాయి. అభ్యంతరం రాసేముందు ఏజెంటును ఆ బెర్తు ఒప్పందం తేదీ అడగండి. అది 2021 నవంబర్ 3కి ముందుదై, తర్వాత సవరించుకోకపోతే, ఆ టెర్మినల్‌కు టాంప్ ఇచ్చిన గెజిట్ ఉత్తర్వును దగ్గర పెట్టుకుని లెక్క సరిచూడండి. తర్వాతిదైతే ఆ ఉత్తర్వుతో పని లేదు, ఆపరేటరు ప్రకటించిన రేట్ల పట్టిక చూడాలి.